బయానా ఆపండి, ముందు ఏడాదిపాటు కలిసి వండుకోండి

ప్రశ్న: మేం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. నాకు 46 ఏళ్లు, బ్యాంకులో పనిచేస్తాను. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో కలిసి నడిచే ఏడు కుటుంబాల వాళ్లం ఊరి బయట రెండెకరాలు కొనుక్కుని, చిన్న ఇళ్లు కట్టుకుని, ఒక ఉమ్మడి వంటిల్లు, సోలార్, వాననీటి తొట్టి, కూరగాయల మడులు పెట్టుకుని పర్యావరణానికి భారం కాకుండా బతకాలనుకుంటున్నాం. ఆనందపురం అవతల ఒక స్థలం నచ్చింది. ఇద్దరు మాత్రం అరకు అంటున్నారు. బ్రోకరు దసరాలోపు బయానా ఇమ్మంటున్నాడు. మా అత్తగారికి 74 ఏళ్లు, "ఈ వయసులో నన్ను హాస్టల్లో పెడతారా" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? భూమి ఎవరి పేరున ఉండాలి? రేపు గొడవలొస్తే ఎలా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ బ్రోకరుకి ఫోన్ చేసి దసరాలోపు బయానా ఇవ్వడం కుదరదని చెప్పేయండి. ఆ స్థలం పోతే పోనివ్వండి. విశాఖ చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒక స్థలం అమ్మకానికి ఉంటుంది గానీ, ఏడు కుటుంబాలు కలిసి బతుకుదామని నిజంగా అనుకోవడం చాలా అరుదుగా జరుగుతుంది, ఆ దొరికినదాన్ని తొందరపడి పాడుచేసుకోవద్దు.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మేం ఆరుగురు స్నేహితులం సబ్బవరం వైపు ఎకరన్నర కొన్నాం. ఆలోచన అచ్చం మీదే, ఉమ్మడి వంటిల్లు, చెట్లు, ఒక బావి. డబ్బు వేసుకున్నాం, రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం, ఆ రోజు అక్కడే వేపచెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నాం. రెండేళ్లు తిరక్కుండా ఒకరికి బదిలీ అయింది, ఇంకొకరికి కూతురి పెళ్లికి డబ్బు కావాల్సి వచ్చింది, వాళ్ల వాటా ఎవరు కొనాలి, ఏ రేటుకి కొనాలి అన్నది మేం ఎక్కడా రాసుకోలేదు. కొన్న రేటుకే ఇమ్మని మేం, ఇవాళ్టి రేటు ఇమ్మని వాళ్లు. ఎవరిదీ అన్యాయమైన కోరిక కాదు, అదే ఇప్పటికీ బాధ. చివరికి ముక్కలుగా అమ్మేశాం. ఆ ఆరుగురిలో ఇద్దరితో నాకు ఇప్పుడు మాటల్లేవు. మేం భూమి గురించి మాట్లాడుకున్నన్ని గంటలు మా గురించి మాట్లాడుకోలేదు, అంతే జరిగింది.

ఇలాంటి సమిష్టి నివాసాలకి ఆద్యులుగా చెప్పుకునే డెన్మార్క్ వాళ్లకీ ఇది తొందరగా జరగలేదు. యాన్ గుడ్మండ్ హోయర్ అనే ఆర్కిటెక్ట్ 1964లో కొందరు స్నేహితుల్ని పోగేసి, కోపెన్‌హేగన్ దగ్గర స్థలం కొని, నమూనాలు గీసి అన్నీ సిద్ధం చేస్తే చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకోలేదు, పని ఆగిపోయింది. ఆయన పట్టు వదలకుండా పత్రికల్లో రాసి, ఇంకా మనుషుల్ని కూడగట్టాడు. సెట్టెడామెన్ అనే మొదటి సముదాయంలోకి కుటుంబాలు వచ్చేసరికి 1972. ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట. అక్కడి పద్ధతి ఇప్పటికీ అదే. ఎవరి ఇల్లు వాళ్లది, ఎవరి సంపాదన వాళ్లది, ఎవరి వంటగది వాళ్లకి ఉంటుంది. అందరికీ కలిపి ఒక పెద్ద ఇల్లు, అందులో వారానికి కొన్ని పూటలు కలిసి భోజనం. కార్లు సముదాయం అంచునే ఆగిపోతాయి, లోపల నడకే. ఇళ్ల నమూనా మొదలుకుని నిర్వహణ దాకా ఉండేవాళ్లే కూర్చుని తేల్చుకుంటారు.

మీ అత్తగారికి ముందు చెప్పాల్సింది కూడా ఇదే. హాస్టల్లో మన తలుపు మన చేతిలో ఉండదు, ఇక్కడ ఉంటుంది. ఆవిడ సంగతికి మళ్లీ వస్తాను.

సరే, బయానా ఇవ్వకుండా ఏం చేయాలి? మీరిప్పుడున్న ఫ్లాట్లలోనే ఒక ఏడాది ఇది చేసి చూడండి. ఏడిళ్లూ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను, అది పెద్ద అదృష్టం. వారానికి రెండు పూటలు కలిసి భోజనం పెట్టుకోండి, ఒక్కోసారి ఒక్కో ఇంట్లో. వండే జట్టులో ఇద్దరు, వాళ్లలో ఒకరు తప్పకుండా మగవాళ్లు అయ్యుండాలి. ఈ నియమం మొదటి రోజే పెట్టకపోతే మూడో వారానికి ఉమ్మడి వంటిల్లంటే ఏడుగురు ఆడవాళ్లు పాతికమందికి వండిపెట్టే చోటు అయిపోతుంది, దాన్ని మించిన మోసం ఇంకోటి ఉండదు. గిన్నెలు తోమడం కూడా వంతుల్లోనే ఉండాలి. పనిమనిషి వచ్చి చేస్తుందిలే అనుకుంటే, ఆమె పని ఎన్ని గంటలు, జీతం ఎంత, సెలవు ఎప్పుడు అన్నది కూడా అందరి ముందూ రాయాల్సిందే.

ఖర్చుల పుస్తకం ఒకటి పెట్టండి. కాగితం పుస్తకమే మంచిది, ఎవరైనా ఎప్పుడైనా తిరగేసి చూడొచ్చు. వస్తువులు పంచుకోవడం కూడా ఇప్పుడే మొదలెట్టొచ్చు. ఏడిళ్లలో ఏడు నిచ్చెనలు, ఏడు డ్రిల్లింగ్ మిషన్లు, ఏడు గ్రైండర్లు ఎందుకు? ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చిస్తారు, పాడైతే బాగు చేయించేదెవరు అనే చిన్న విషయాల్లోనే మీకు ఒకరి గురించి ఒకరికి తెలుస్తుంది. బీచ్‌లో నడిచేటప్పుడు అందరూ మంచివాళ్లే, ఉదయం ఆరింటికి గాలి చల్లగా ఉంటుంది, ఎవరికీ ఎవరితో పనుండదు. ఒక వానాకాలం, ఒక సంక్రాంతి, ఒకరింట్లో జబ్బు, ఒకరి పిల్లల పరీక్షలు, ఇవన్నీ కలిసి దాటాక కూడా ఇంకా కలిసి ఉండాలనిపిస్తే అప్పుడు స్థలం మాట ఎత్తండి. ఏడు కుటుంబాలు అయిదైతే బెంగపడొద్దు. డబ్బు పెట్టాక వెళ్లిపోవడం కన్నా ఇప్పుడు వెళ్లిపోవడమే అందరికీ మంచిది.

ఈ ఏడాదిలోనే తిండి గురించి, కులం గురించి తెరిచి మాట్లాడండి. మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు, చాలామంది ఉత్తరాల్లో ఉండదు. ఉమ్మడి వంటింట్లో ఎండుచేపల వాసన వస్తే లేచి వెళ్లిపోయేవాళ్లు మీలో ఉన్నారా? గుడ్డు పర్వాలేదా? పండగ రోజుల్లో ఏంటి? దీనికి దారులున్నాయి, రెండు పొయ్యిల వరసలు, వేరే గిన్నెలు, వారంలో ఫలానా రోజు ఫలానా వంట. కానీ "మనవాళ్లయితే ఈ ఇబ్బంది ఉండదు కదా" అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. స్నేహితులతో మొదలైన గుంపు చూస్తుండగానే ఒకే కులం వాళ్ల కాలనీగా మారడం నేను చూశాను, ఎవరూ కావాలని చేయలేదంటారు, ఎవరూ వద్దనీ అనలేదు. కొత్తవాళ్లని చేర్చుకునేటప్పుడు కులం, మతం అడగబోమని మీ నియమాల్లో మొదటి పేజీలోనే రాసుకోండి. వీలైతే ఒకటో రెండో ఇళ్లు అద్దెకి ఉంచండి, కొనే స్తోమత లేని ఒక నర్సమ్మో, స్కూలు టీచరో వచ్చి ఉండగలిగేలా. వాళ్లకీ సమావేశంలో సమానంగా మాట ఉండాలి.

ఇక స్థలం. అరకు అన్నవాళ్లకి ఆ మాట ఇంక ఎత్తొద్దని చెప్పండి. అరకు, అనంతగిరి, పాడేరు అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. భూబదలాయింపు నిబంధనలు, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారే, 1970 నాటి ఆ చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లడానికి వీల్లేదు, గిరిజనేతరుల దగ్గర ఉన్నదైనా సరే ఇంకో గిరిజనేతరుడు కొనడానికి లేదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ రక్షణని గట్టిగా నిలబెట్టింది. ఎవరో గిరిజనుల పేరు మీద కొనిపెడతామని, లీజు రాయిస్తామని చెప్పేవాళ్లు తగుల్తారు, వినకండి. చట్టం ఒక్కటే కారణం కాదు, ఆ నేల వాళ్లది, మన పచ్చని కల కోసం ఇంకొకరి కాళ్ల కింద నేల తీసేస్తే దానికి పర్యావరణం అని పేరు పెట్టుకోవడం తప్పు.

ఆనందపురం అవతల స్థలం విషయంలో నా అభ్యంతరం వేరు. మీ ఉద్యోగాలన్నీ ఊళ్లోనే కదా. మీతో కలిసి ఒక లెక్క వేస్తాను, మీరు బ్యాంకువారు, సరిచూడండి. ఇంటి నుంచి ఆఫీసుకి 25 కిలోమీటర్లనుకుందాం, రానూపోనూ 50. ఏడిళ్ల నుంచి ఒక్కో కారు, నెలకి 25 రోజులు, మొత్తం 8,750 కిలోమీటర్లు. లీటరుకి 15 చొప్పున 580 లీటర్ల పైన పెట్రోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే నెలకి 1,300 కిలోలు దాటిపోతుంది. ఇప్పుడు ఏడిళ్ల మీదా రెండేసి కిలోవాట్ల సోలార్ పెట్టారనుకోండి. కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన నెలకి 1,680 యూనిట్లు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి ఇంచుమించు 0.7 కిలోలు వేసుకుంటే మీరు మిగిల్చేది 1,180 కిలోల దాకా. అంటే ఏడిళ్ల కప్పుల మీద సోలార్ అంతా కలిపినా ఆఫీసులకి వెళ్లి రావడానికే చాలదు. పిల్లల ట్యూషన్లు, అత్తగారి డాక్టరు, కూరగాయల సంచి ఇంకా ఈ లెక్కలోకి రానే లేదు.

అందుకని నేనైతే ఊరు దాటొద్దంటాను. ఎకరాలు వద్దు. పెందుర్తి, గోపాలపట్నం, సింహాచలం, మధురవాడ, ఇలా సిటీ బస్సు తిరిగే చోట, వీలైతే రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, పాత పెంకుటిల్లు ఉన్న ఎనిమిది వందల గజాలో వెయ్యి గజాలో వెతకండి. అక్కడ ఏడు చిన్న ఇళ్లు రెండు మూడు అంతస్తుల్లో, కింద ఉమ్మడి వంటిల్లు, భోజనాల గది, వెనక నాలుగు చెట్లు, బావి ఉంటే ఇంకా మంచిది. గజం రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ రోడ్డు వేయించుకునే ఖర్చు లేదు, కరెంటు లైను, డ్రైనేజీ తెచ్చుకునే తిప్పలు లేవు, ఏడిళ్లకి కలిపి రెండు కార్లు చాలు. మీ కలలో రెండెకరాల పచ్చదనం ఉందని నాకు తెలుసు, అది వదులుకోమనడం కష్టంగానే ఉంది. అయినా ఒక పొలాన్ని కాంక్రీటు చేసి అందులో మొక్కలు నాటడం కన్నా, ఆ పొలాన్ని అలాగే వదిలేసి అక్కడి రైతు దగ్గర వారం వారం కూరగాయలు కొనడంలోనే భూమికి ఎక్కువ మేలుంది.

అయినా సరే ఊరి బయటికే అని ఏడుగురూ తేల్చుకుంటే, ఎక్కడ కొనకూడదో మాత్రం గుర్తుపెట్టుకోండి. భీమిలి దారిలో సముద్రం ఒడ్డున కొనకండి, అక్కడ తీర ప్రాంత నియంత్రణ నిబంధనలుంటాయి. ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కలకి అసలు పోవద్దు, అవి వేల ఏళ్లుగా గాలి, సముద్రం కలిసి పోసిన ఇసుక, ఒకసారి తవ్వితే మళ్లీ రావు. కంబాలకొండ అభయారణ్యం అంచు కూడా అంతే. కొండవాలు తొలిచి చదును చేసిన ప్లాట్లు వద్దు. అన్నిటికన్నా ముందు గెడ్డలు, అంటే వాననీటి వాగులు ఎటున్నాయో చూడండి. వేసవిలో ఎండిపోయి చదునుగా, అందంగా కనిపించే స్థలం అక్టోబరు వానకి మోకాల్లోతు నీళ్లలో ఉంటుంది. స్థలం నచ్చితే జోరువాన పడిన మర్నాడు వెళ్లి నిలబడి చూడండి, పక్క పొలం ముసలాయన్ని నీళ్లు ఎటు పోతాయని అడగండి, ఏ సర్వే మ్యాపూ చెప్పనిది ఆయన చెప్తాడు.

కాగితాల పని లాయరుకి అప్పగించినా మీకూ తెలిసి ఉండాలి. 1బి (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాలు), ఎఫ్ఎంబీ (కొలతల పటం) తీయించి సర్వే నంబరు సరిహద్దులు నేల మీద కొలిపించండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. డి-పట్టా భూములు మన జిల్లాలో చాలా ఉన్నాయి. డి-పట్టా అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి, దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది, తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గానీ ఏది దేనికి వర్తిస్తుందో కాగితం మీద రుజువు చూపకుండా ఎవరి మాటా నమ్మకండి. వ్యవసాయ భూమి అయితే ఇళ్లకి మార్చుకోవడానికి ఇప్పుడు ఎంత కట్టాలి, ఎక్కడ కట్టాలి, విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉంది అన్నది బయానాకి ముందే తేలాలి. కార్లు అంచున ఆపి లోపల నడకదారులే ఉంచాలనుకుంటే మామూలు లేఅవుట్‌లో రోడ్ల వెడల్పు నిబంధనలు అడ్డొస్తాయి, ఇళ్లన్నిటికీ కలిపి ఒకే ప్లాన్‌గా అనుమతి తీసుకునే గ్రూప్ డెవలప్‌మెంట్ స్కీమ్ కింద కుదురుతుందేమో ప్లాన్ గీసే ఆర్కిటెక్ట్‌ని మొదటి రోజే అడగండి.

భూమి ఎవరి పేరున అని అడిగారు. ఒక్కరి పేరున మాత్రం వద్దు, ఆ ఒక్కరు ఎంత దేవుడైనా సరే. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అపార్ట్‌మెంట్ పద్ధతి. 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం కింద ఎవరి ఇల్లు వాళ్ల పేరున, నేలలో అవిభాజ్య వాటా అందరికీ. బ్యాంకు లోను సులువుగా వస్తుంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు. రెండోది, సహకార సంఘం. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లోనే వచ్చింది, ప్రభుత్వ జోక్యం తక్కువ. భూమి మొత్తం సంఘానిది, మీరు సభ్యులు. మనసుకి రెండోదే నచ్చుతుంది, ఎవరూ తమ వాటాని రియల్ ఎస్టేట్ సరుకులా చూడరు కాబట్టి. కానీ లోను దగ్గర చిక్కులొస్తాయి, నలుగురికి లోను లేకుండా కుదరదంటే మొదటి దారే పట్టండి, దానితోపాటు నిర్వహణకి సంఘం ఒకటి రిజిస్టర్ చేసుకోండి. బయటివాళ్లకి ఒక్క ఇల్లు అమ్మే ఉద్దేశం ఉన్నా రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది లాయరుతో రాయించి తీసుకోండి.

ఏ దారి పట్టినా, లోపలికి వచ్చే నియమాలకన్నా ముందు బయటికి వెళ్లే నియమాలు రాయండి. మేం చేయని పని అది. వెళ్లిపోయేవాళ్లు ముందు సంఘానికే అమ్మజూపాలి, సంఘం ఎన్ని నెలల్లో తేల్చాలి, ధర ఎలా కట్టాలి. నా సలహా ఏంటంటే ఇద్దరు వేర్వేరు వాల్యూయర్లు ఇచ్చిన ధరల సగటు, చెల్లించడానికి ఒక ఏడాది గడువు. ఇంటి యజమాని పోతే వారసులు వచ్చి ఉంటారా, అమ్ముతారా, అద్దెకిస్తారా? అమెరికాలో ఉన్న కొడుకు వచ్చి ఇది నాకు తెలియదంటే? భార్యాభర్తలు విడిపోతే? ఒకరు ఆరు నెలలు నిర్వహణ చందా కట్టలేకపోతే? ఇవి మాట్లాడటం అశుభం అనుకునేవాళ్లుంటారు. అన్నీ బాగున్నప్పుడే ఇవి మాట్లాడుకోవాలి, తర్వాత కూర్చుని మాట్లాడుకునే మనసు ఉండదు. ఇంకోటి, మీలో ఒకరు ఇంకొకరికి చేబదులు ఇచ్చి వాటా కొనిపించే పని పెట్టుకోకండి. తక్కువ ఉన్నవాళ్లకి చిన్న ఇల్లు ఉండాలి గానీ అప్పు ఉండకూడదు.

గొడవల సంగతి. వస్తాయి, రాకుండా ఉండవు. వారం వారం ఒక గంట కూర్చోండి, ఒకరు నడిపించాలి, ఒకరు రాయాలి, ఈ రెండు పనులూ నెలనెలా చేతులు మారాలి. ఓటింగ్ పెడితే నలుగురు గెలిచి ముగ్గురు ఓడతారు, ఓడిన ముగ్గురూ పక్కింట్లోనే ఉంటారు. అందుకని ఒక ప్రతిపాదన వచ్చినప్పుడు "ఇది అందరికీ ఇష్టమేనా" అని అడక్కండి, "దీనితో బతకలేని వాళ్లున్నారా" అని అడగండి. ఇష్టం లేకపోయినా సర్దుకోగలిగినవి చాలా ఉంటాయి. బతకలేనన్నవాళ్లు కారణం చెప్పాలి, ఆ కారణానికి తగ్గట్టు ప్రతిపాదన మార్చాలి, ఆర్నెల్లు చేసి చూసి మళ్లీ కూర్చోవాలి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏ గొడవా తేల్చుకోవద్దు.

కట్టుబడి గురించి ఎంతైనా రాయగలను, ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను, అయినా ఇక్కడ కొంచెమే చెప్తాను. అన్నిటికన్నా పర్యావరణహితమైంది చిన్న ఇల్లు. ఆరేడు వందల చదరపు అడుగులు చాలు, అతిథుల గది, పెద్ద హాలు, వాషింగ్ మెషిన్ల చోటు ఉమ్మడి ఇంట్లో ఉంటాయి కాబట్టి. గోడలకి ఫ్లైయాష్ ఇటుక వాడండి, పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం బూడిద మన పక్కనే ఉంది, సారవంతమైన మట్టిని తవ్వి కాల్చే ఇటుక ఎందుకు? ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో వాడి చూపించిన, ఇటుకలు నిలువుగా పేర్చే ర్యాట్ ట్రాప్ కట్టుబడి తెలిసిన మేస్త్రి దొరికితే ఇటుక పాతిక శాతం దాకా కలిసొస్తుంది, గోడ మధ్య ఖాళీ వల్ల లోపల వేడి తగ్గుతుంది. సిమెంటు విషయంలో స్లాగ్ సిమెంటు అడగండి, ఉక్కు కొలిమి స్లాగ్ కలిసింది మన ఉప్పుగాలికి చువ్వలు తుప్పు పట్టకుండా బాగా కాపాడుతుంది. పడమటి గోడకి కిటికీలు తగ్గించి, సముద్రపు గాలి ఇంట్లోంచి ఆ వైపు నుంచి ఈ వైపుకి పోయేలా కిటికీలు ఎదురెదురుగా పెట్టించండి, మన ఉక్కపోతకి అంతకు మించిన మందు లేదు.

నీళ్లకి ఒక లెక్క. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు తగ్గకుండా పడుతుందనుకుంటే, వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడిన వానలో ఆవిరైంది, చిందింది పోను డెబ్బై వేల లీటర్ల పైనే పట్టొచ్చు. అంత నిలవ చేయడానికి తొట్టి కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. యాభై వేల లీటర్ల తొట్టి ఒకటి తాగడానికి, వంటకి కట్టుకోండి, పాతికమందికి రోజుకి పదేసి లీటర్ల చొప్పున రెండొందల రోజులు వస్తాయి. మిగతా వానంతా ఇంకుడు గుంటల ద్వారా బావిలోకి పంపండి. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలేయాలి, కప్పు మీది దుమ్మంతా అందులోనే ఉంటుంది. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు కంకర మడిలో మెట్టతామర మొక్కల గుండా పంపి అరటిచెట్లకి మళ్లించండి.

సోలార్‌కి కేంద్రం సూర్యఘర్ పథకంలో ఒక్కో ఇంటికి రెండు కిలోవాట్లకి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకి కిలోవాటుకి 18,000. మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ద్వారానే అంతా జరుగుతుంది. ప్యానెళ్ల ఫ్రేము బిగింపు దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. హుద్‌హుద్ తుఫానుని చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

హుద్‌హుద్ అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మీరూ ఇక్కడే ఉండి ఉంటారు. మా వీధిలో కరెంటు రావడానికి వారం దాటింది. మోటారు లేదు కాబట్టి అపార్ట్‌మెంట్ ట్యాంకులో నీళ్లు రెండో రోజుకి అయిపోయాయి. వెనక వీధిలో కూలగొట్టకుండా మిగిలిన ఒక పాత పెంకుటింట్లో నుయ్యి ఉంది. పదేళ్లుగా ఆ ఇంటావిడ పేరు కూడా మాకు తెలియదు. ఆవిడ గేటు తీసి చేంతాడు, బకెట్ బయట పెట్టింది, అంతే. నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్లు వరసలో నిలబడి తోడుకున్నాం. ఫ్రిజ్‌లలో పాడైపోతాయనుకున్నవన్నీ తెచ్చి మా మేడ మీద ఒకే గుండిగలో వండాం, ఎవరింట్లో ఏముంటే అది. కరెంటు వచ్చిన రోజు అందరం సంతోషంగా ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నాం, ఆ నుయ్యి ఇల్లు మరో రెండేళ్లకి అపార్ట్‌మెంట్ అయిపోయింది. మీలాంటి వాళ్ల ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నాకు ఆ వారం గుర్తొస్తుంది. తుఫాను లేకపోయినా అలా ఉండొచ్చు కదా అనే ఆశతోనే ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు మీ అత్తగారు. ఆవిడ భయాన్ని చాదస్తం అనుకోకండి. ఆవిడ వయసువాళ్లలో చాలామంది మండువా లోగిళ్లలోనో, ఒకే నుయ్యి చుట్టూ పది కాపురాలున్న వీధుల్లోనో పెరిగారు. ఉమ్మడి బతుకంటే ఏంటో వాళ్లకి మనకన్నా బాగా తెలుసు, అందులో ఆడవాళ్లు తెల్లారుజామున పొయ్యి దగ్గర కూర్చుంటే రాత్రి పదింటికి లేచేవాళ్లని తెలుసు, ఆ నూతి దగ్గరికి అందరినీ రానిచ్చేవాళ్లు కాదనీ తెలుసు. మనం పాతదాన్ని తీపిగా తలుచుకుంటాం, ఆవిడకి దాని బరువు గుర్తుంది. కూర్చోబెట్టి ఒప్పించే ప్రయత్నం చేయకుండా, అప్పట్లో ఏది బాగుండేది, ఏది భరించలేకపోయారు అని అడిగి ఆవిడ చెప్పింది రాసుకోండి, అది మీ నియమాల పుస్తకంలో చాలా పేజీలకి పనికొస్తుంది. ఆవిడకి ఏం కావాలో కూడా విడిగా అడగండి. పూజగది, నడిచి వెళ్లేంత దూరంలో గుడి, మెట్లెక్కక్కర్లేకుండా కింది అంతస్తు ఇల్లు, జారని బాత్రూం, కూతురొస్తే ఉండే చోటు, రాత్రి గుండెల్లో నొప్పొస్తే ఆసుపత్రికి ఎంతసేపు. ఈ చివరిదొక్కటే చాలు, ఆనందపురం అవతల స్థలం మీద మీ ఏడుగురూ మరోసారి ఆలోచించడానికి.

ఈ ఆదివారం మళ్లీ స్థలం చూడ్డానికి వెళ్దామనిపిస్తుందేమో. వెళ్లకండి. మీ ఇంట్లోనే మొదటి భోజనం పెట్టుకోండి. మీవారినీ ఇంకొకరినీ వంటకి పెట్టి, ఆనపకాయ పులుసు, ఏదో ఒక వేపుడు చాలు, మీ అత్తగారిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి రుచి చూడమనండి. తిన్నాక గిన్నెలు ఎవరు తోమారో ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి, ఓ మూడు నెలలు అయ్యాక ఎలా ఉందో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.